గొయ్యి తవ్వితే... గతం బయటపడింది!

వీధిలో గ్యాస్ పైపు కోసమో, ఇంటర్నెట్ కేబుల్ కోసమో గొయ్యి తవ్వితే ఏమొస్తుంది? మట్టి, రాళ్లు, ఎప్పుడో వేసి మరచిపోయిన నీటి గొట్టం. అదే పెరూ రాజధాని లిమాలో తవ్వితే... వెయ్యేళ్ల కిందటి మనిషి!

2025 జూన్‌లో అదే జరిగింది. నగరానికి ఉత్తరాన ఉన్న ప్వెంతె పియెద్రా ప్రాంతంలో కాలిద్దా అనే కంపెనీ కార్మికులు గ్యాస్ లైన్లు వేస్తున్నారు. అరమీటరు లోతులో ఓ చెట్టు మొద్దు తగిలింది. మరోచోటైతే నాలుగు దెబ్బలేసి పక్కకు లాగేసేవారే. కానీ ఆ కంపెనీకి సొంతంగా పురావస్తు నిపుణులున్నారు. అది వరాంగో చెట్టు మొద్దనీ, పూర్వం దాన్ని సమాధికి గుర్తుగా పాతేవారనీ వాళ్లకు తెలుసు. దాంతో గునపాలు పక్కకెళ్లాయి, కుంచెలు చేతికొచ్చాయి. 1.2 మీటర్ల లోతులో పది పదిహేనేళ్ల కుర్రాడి మమ్మీ కనిపించింది. పక్కనే మట్టి పళ్లేలు, సీసాలు, కూజాలు. వాటిమీద గళ్లూ గీతలూ, చేపలు పట్టేవారి బొమ్మలూ. ఇంకా సామ్రాజ్యానికి ముందు అక్కడ బతికిన చాంకాయ్ ప్రజల ఆనవాళ్లవి.

జీతమిచ్చి మరీ...

గ్యాస్ కంపెనీలో పురావస్తు నిపుణులకేం పని? వింతగా అనిపించినా లిమాలో అది తప్పనిసరి. దాదాపు కోటిమంది ఉండే ఆ నగరంలో నాలుగొందలకు పైగా పురావస్తు స్థలాలున్నాయి. ఎక్కడ గునపం వేసినా ఏదో ఒకటి తగలొచ్చు. అందుకే గ్యాస్, నీళ్లు, కరెంటు... ఏ కంపెనీ నేల తవ్వాలన్నా పురావస్తు నిపుణుల్ని నియమించుకోవాల్సిందే. కాలిద్దా సంస్థకు 2004 నుంచి ఇప్పటిదాకా ఇలా దొరికినవి 2,200కు పైనే. అంటే సగటున వారానికి రెండు! 2021లో లిమాకు దక్షిణాన ఉన్న చిల్కా పట్టణంలో ఒకేచోట ఎనిమిదిమంది అవశేషాలు బయటపడ్డాయి. పెద్దలూ పిల్లలూ కలిసి ఉన్న ఆ సమాధి ఎనిమిది వందల ఏళ్ల నాటిది. చనిపోయినవారి పక్కన మొక్కజొన్న, ఊదే వాద్యాలు పెట్టి సాగనంపారు ఆనాటి జనం.

ఇన్ని దొరికినా గ్యాస్ లైన్లు ఆగలేదు. ఏటా కొత్త వీధులకు వెళ్తూనే ఉన్నాయి. అసలు విశేషం అదే. చరిత్ర అడ్డొస్తే అభివృద్ధి ఆగిపోతుందన్న భయం మన దగ్గర చాలామందికి ఉంది. నిజానికి పనిని ఆపేది చరిత్ర కాదు, ముందుగా చూసుకోకపోవడం.

ముందు కాగితం, తర్వాతే గునపం

ఈ పని గొయ్యి దగ్గర మొదలవదు. పైపు ఏ దారిన వెళ్లాలో గీసేటప్పుడే మొదలవుతుంది. పాత పటాలు, ప్రభుత్వ రికార్డులు, అంతకుముందు ఆ చుట్టుపక్కల దొరికిన వస్తువుల వివరాలు ముందేసుకుని కూర్చుంటారు. తర్వాత ఆ దారి పొడవునా నడుస్తారు. నేలమీద పెంకులున్నాయా, మట్టి రంగు ఎక్కడైనా మారిందా, ఎత్తుగా దిబ్బలున్నాయా చూస్తారు. అనుమానం ఉన్నచోట చిన్న గుంటలు తవ్వి పరీక్షిస్తారు.

ఏదైనా ఉందని తేలితే మొదటి ఆలోచన... తప్పించుకు వెళ్లడమే. పైపును పది అడుగులు పక్కకు జరపొచ్చు. కరెంటు టవరును కాస్త ముందుకో వెనక్కో మార్చొచ్చు. పైనుంచి తవ్వకుండా భూమి అడుగున అడ్డంగా రంధ్రం చేసి పైపును పంపే యంత్రాలూ ఉన్నాయి. నేలలో ఉన్నది నేలలోనే భద్రంగా ఉంటుంది. అలా కుదరనప్పుడే తవ్వి తీస్తారు. పని మొదలయ్యాక అనుకోకుండా ఏదైనా తగిలితే అక్కడివరకూ ఆపి, కంచె వేసి, పనివాళ్లను పక్క వీధికి పంపుతారు. కాగితం మీద గీసుకున్న దారిని మార్చడానికి రబ్బరు చాలు. సగం తవ్వాక మార్చాలంటే లక్షలు పోయాలి. ఖాళీగా నిలబడ్డ జేసీబీకి అద్దె ఆగదు కదా!

మరి దొరికిన కుండను తీసి మ్యూజియంకు ఇచ్చేస్తే సరిపోదా? సరిపోదు. కుండ ఒక్కటే కథ చెప్పదు. అది ఏ పొరలో ఉంది, బోర్లా ఉందా వెల్లకిలా ఉందా, పక్కన బూడిద ఉందా ఎముక ఉందా... ఇవన్నీ కలిస్తేనే కథ. వంటింట్లో ఉన్న కుండ ఒకటి చెబుతుంది, సమాధిలో ఉన్న కుండ మరొకటి చెబుతుంది. జేసీబీ ఒక్కసారి మట్టిని కలిపేస్తే ఆ పుస్తకం చిరిగిపోయినట్లే. రెండోసారి చదవడానికి ఉండదు.

కరెంటోళ్లకు దొరికిన దేవత

నిపుణులు వెంట లేకపోయినా, పనివాళ్లు చేయి ఆపితే ఏమవుతుందో మెక్సికో నగరం చూపించింది. 1978 ఫిబ్రవరి 21న అక్కడి విద్యుత్ సంస్థ కార్మికులు నగరం నడిబొడ్డున తవ్వుతుంటే రెండు మీటర్ల లోతులో చెక్కిన రాయి తగిలింది. వాళ్లు దాన్ని పగలగొట్టలేదు. కబురు పురావస్తు శాఖకు వెళ్లింది. చూస్తే... మూడు మీటర్లకు పైగా వ్యాసమున్న గుండ్రటి శిల! దానిమీద అజ్టెక్‌ల దేవత కొయోల్షౌకి రూపం. ఆ శిల ఆధారంగా ఎడ్వర్డో మాటోస్ మోక్టెజుమా ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. అజ్టెక్‌ల ప్రధాన ఆలయం టెంప్లో మయోర్ వెలుగు చూసింది. 1987లో అక్కడే మ్యూజియం తెరిచారు. కరెంటు కేబుల్ కోసం తీసిన గొయ్యి ఒక మహానగరానికి దాని పుట్టుక గుర్తుచేసింది.

నీళ్లు వచ్చేలోపు...

తెలుగువాళ్లకు ఇది కొత్త పాఠమేం కాదు. నాగార్జునసాగర్ కడితే కృష్ణాలోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. రాతియుగం పనిముట్ల నుంచి బౌద్ధ విహారాల దాకా బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి, నాగార్జునకొండ పైన మళ్లీ నిలబెట్టారు. మరికొన్ని ఒడ్డున అనుపులో రూపుదిద్దుకున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తప్పించి కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. పొలాలకు నీళ్లూ వచ్చాయి, ఇళ్లకు కరెంటూ వచ్చింది, చరిత్రా కొంత దక్కింది. ‘కొంత’ అనే మాట మరవకూడదు. లోయలో మిగిలిందంతా నీళ్ల కిందే ఉంది.

చిన్న గొయ్యే పెద్ద ముప్పు

పెద్ద ప్రాజెక్టు అంటే పదిమంది కళ్లు ఉంటాయి. వీధి చివర రాత్రికి రాత్రి తవ్వి పూడ్చేసే కాలువను ఎవరు చూస్తారు? కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాలపై నిషేధం ఉంది. ఆ తర్వాత మరో రెండొందల మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. 2010లో సవరించిన చట్టం చెప్పేది ఇదీ. ఆ గీత దాటాక, తవ్వే ప్రతి గోతి దగ్గరా నిపుణుడు ఉండాలన్న నిబంధన మన దగ్గర లేదు. పాత కోటల ఊళ్లు, బౌద్ధ దిబ్బల పక్క పల్లెలు, నదీ తీర పట్టణాలు... వీటన్నిటి కిందా ఏముందో మొదట చూసేది కూలీయే. అతనికి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు.

అందుకే ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి. ఇంటి పునాదిలోనో, బోరు గుంతలోనో, వీధి కాలువలోనో పాత ఇటుకలు, శాసనం, విగ్రహం, నాణేలున్న కుండ కనిపిస్తే కదపకూడదు. ఉన్నదున్నట్లుగా ఫొటో తీసి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు చేయాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. దాచుకుంటే వాటా పోవడమే కాదు, జైలు కూడా తప్పకపోవచ్చు.

కంపెనీలూ కాంట్రాక్టర్లూ చేయాల్సింది కూడా కొండంత పనేం కాదు. టెండరు కాగితంలో ఒక నిపుణుడి జీతం, పని మొదలయ్యే ముందు కూలీలకు ఓ గంట పాఠం. లిమా కుర్రాడు వెయ్యేళ్ల తర్వాత లోకానికి కనిపించింది ఆ పాటి జాగ్రత్త వల్లే. ఒక చెట్టు మొద్దును చూసి ‘ఆగండి’ అనడానికి అక్కడ మనుషులున్నారు.