మందు కాదు... మిత్రుణ్ని వదలండి!

డల్లాస్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి ఇంట్లో టీవీ కంటే ఎక్కువగా చూసేది ఆక్వేరియాన్నే. మామూలుది కాదు, ఉప్పునీటిది. లోపల పగడాలు, రాళ్ల సందుల్లో రొయ్యలు, నారింజరంగు ఒంటిమీద తెల్లచారలుండే క్లౌన్ చేపలు... చిన్నపాటి సముద్రాన్ని హాల్లో పెట్టుకున్నట్టే ఉంటుంది. రెండేళ్ల కిందట ఓరోజు ఫోన్ చేస్తే మాత్రం అన్నయ్య గొంతులో ఉత్సాహం లేదు. 'చేపలన్నీ పోయాయిరా. పాప నిన్నట్నుంచి సరిగా అన్నం కూడా తినట్లేదు' అన్నాడు.

జరిగిందేమిటంటే... కొత్తగా కొన్న ఓ పగడంతోపాటు తుప్పురంగు పురుగులు నాలుగైదు ట్యాంకులోకి వచ్చాయి. బియ్యపు గింజ కన్నా చిన్నవి కదా అని అన్నయ్య పట్టించుకోలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఇసుకా రాళ్లూ పగడాలూ అన్నీ ఎర్రటి దుప్పటి కప్పుకున్నట్టయ్యాయి. కంగారుపడి ఓ రాత్రి మందు వేశాడు. పురుగులు చచ్చాయి. తెల్లారేసరికి చేపలూ తేలాయి.

ఇలాంటప్పుడు అందరూ మందునే తిట్టుకుంటారు. కానీ అసలు ముద్దాయిలు చాలాసార్లు ఆ పురుగులే. చచ్చేటప్పుడు వాటి ఒంట్లోని విషం నీళ్లలో కలుస్తుంది. పదో పరకో చస్తే ఫర్వాలేదు. వేలకొద్దీ ఒక్కసారే చస్తే చేపలు తట్టుకోలేవు.

ఎందుకంత వేగం?

ఒళ్లంతా కాగితంలా పల్చగా ఉంటుంది కాబట్టి వీటిని ఫ్లాట్‌వార్మ్‌లంటారు. ఆక్వేరియంవాళ్లు 'రెడ్ ప్లనేరియా' అని పిలిచే రకం అసలు పేరు కన్వొల్యూట్రిలోబా. దీని ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి పురుగుకి పెడుతుంది. అందుకే లైటు బాగా పడేచోట, నీటి ప్రవాహం తక్కువగా ఉన్నచోట ఇవి గుంపులుగా చేరతాయి. పైగా గుడ్లు పెట్టి పొదిగే పనేం లేదు. ఒంటినుంచి చిన్న మొగ్గ పుట్టి, విడిపోయి, ఇంకో పురుగైపోతుంది. ఇవి పగడాన్ని కొరికి తినవు. కానీ దానిమీద పరుచుకుని వెలుతురు అందనివ్వవు. దాంతో పగడం నీరసించిపోతుంది.

ముందు చేతిపని

మందు జోలికి పోకుండా వీటిని అదుపుచేయాలంటే మొదటి ఆయుధం సన్నటి రబ్బరు గొట్టం. నీళ్లు మార్చే రోజున, పురుగులు గుంపుకట్టిన చోట గొట్టం పెట్టి నీటితో సహా బకెట్‌లోకి లాగేయాలి. వారానికోసారైనా ఓపిగ్గా చేస్తే సగం బెడద తగ్గుతుంది. రెండోది, నీరు కదలకుండా నిలిచే మూలలకు ప్రవాహం తగిలేలా పంపు దిశ మార్చడం. మూడోది, చేపలకు మేత తగ్గించడం. తినగా మిగిలి కుళ్లిన మేత చేపలకు కాదు, పురుగులకే విందు.

ఆకలిగొన్న నేస్తాలు

సముద్రంలో ఈ పురుగులు దిబ్బల్ని ముంచెత్తవు. తినేవాళ్లుంటారు కాబట్టి. ఆ తినేవాళ్లనే ట్యాంకులోకి తెచ్చుకోవడం అసలు కిటుకు.

సిక్స్‌లైన్ రాస్: ఒంటిమీద ఆరు చారలుండే బుల్లి చేప. రోజంతా రాళ్ల సందులు వెతుకుతూ పురుగుల్ని ఏరుకు తింటుంది. కాకపోతే కాస్త రౌడీ. తర్వాత వచ్చిన చేపల్ని తరుముతుంది. అందుకే దీన్ని అందరికంటే చివర్లో వదలాలి. నీళ్లలోంచి బయటికి దూకే అలవాటూ ఉంది, ట్యాంకుమీద వల తప్పనిసరి. మెలన్యూరస్ రాస్, పసుపురంగు రాస్ కూడా ఈ పనికొస్తాయి.

మాండరిన్ చేప: నెమలి రంగులన్నీ ఒంటికి పూసుకున్నట్టుంటుంది. కొన్ని మాండరిన్లు ఈ పురుగుల్ని తింటాయి. కానీ దాని ప్రధాన ఆహారం రాళ్లమీద పెరిగే కోపిపాడ్లు. కొత్త ట్యాంకులో అవి చాలినన్ని ఉండవు, పాపం ఆకలితో చిక్కిపోతుంది. పాత ట్యాంకుల్లోనే పెంచాలి.

బ్లూ వెల్వెట్ స్లగ్: నల్లటి మఖమల్ మీద నీలిగీతలు గీసినట్టుండే సముద్రపు నత్తజాతి జీవి, పైకి గుల్ల కనిపించదు. ఫ్లాట్‌వార్మ్‌లు తప్ప వేరేవి ముట్టదు. అదే దాని గొప్ప, అదే దాని శాపం. పురుగులు అయిపోతే పస్తులే. పని పూర్తయ్యాక అవసరమున్న మరొకరికి ఇచ్చేయాలి. పంపులో ఇరుక్కోకుండా జాలీ బిగించాలి.

ఒక్కమాట. ఏ జీవీ నూటికి నూరుపాళ్లూ హామీ కాదు. ఒక రాస్ ఆబగా తింటే, ఇంకోటి కన్నెత్తి చూడదు.

వచ్చాక కంటే రాకముందే...

కొమ్ముల్లా పెరిగే అక్రొపొరా పగడాలను నిజంగానే కొరికి తినే మరో ఫ్లాట్‌వార్మ్ ఉంది. అచ్చం పగడం రంగులోనే ఉండి కంటికి ఆనదు. పాలిపోయిన గుండ్రటి మచ్చలే దాని ఆనవాలు. పగడం అడుగున గుడ్లు అతికిస్తుంది. మందునీళ్లలో ముంచినా ఆ గుడ్లు చావవు, గీకి తీసేయాల్సిందే. అందుకే కొత్త పగడాన్ని కొన్ని వారాలపాటు విడిగా వేరే తొట్టిలో ఉంచి, రోజూ పరిశీలించాకే పెద్ద ట్యాంకులోకి మార్చాలి.

అన్నట్టు, మన తీరంలో దొరికే పగడాలను ఇంటికి తెచ్చుకుందామనుకునేరు. దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి ఏరడం నేరం.

మందుకు చిక్కకుండా మిగిలిన పురుగులు అన్నయ్య ట్యాంకులో మళ్లీ పెరిగాయి. ఈసారి మందు ఊసెత్తలేదు. గొట్టం పట్టాడు, సిక్స్‌లైన్ రాస్‌ను తెచ్చాడు. సంగతి విన్న పెదనాన్న నవ్వారు. ఆయన గుంటూరు జిల్లాలో పత్తి పండించిన మనిషి. 'మందు కొడితే శత్రుపురుగుతోపాటు మిత్రపురుగూ పోతుందని మేం అప్పులపాలై నేర్చుకున్నాం. నీకు చేపలతోనే తెలిసింది, నయం' అన్నారు.

ఇప్పుడా ఇంట్లో కొత్త పగడం వస్తే ముందు చిన్నతొట్టిలోకే. భూతద్దం పట్టుకుని రోజూ దాన్ని వెతికే డ్యూటీ పాపది. తను 'ఓకే' అంటేనే పెద్ద ట్యాంకులోకి ప్రవేశం!