జుట్టు మాత్రకు ముందు రక్తపరీక్ష

జుట్టు రాలుతోందనగానే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కొనడం మామూలైపోయింది. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు చాలు. గుడ్లు, వేరుశనగల వంటి తిండితోనే దాదాపు అందరికీ అది అందుతుంది. కొన్ని మాత్రల్లో ఏకంగా 10,000 మైక్రోగ్రాములుంటున్నాయి! లోపం లేనివారికి దానివల్ల జుట్టు, గోళ్లు గట్టిపడతాయనడానికి బలమైన ఆధారాల్లేవు.

నష్టం డబ్బుతో ఆగదు. ఎక్కువ మోతాదు బయోటిన్ గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్షను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించడంతో ఒక రోగి చనిపోయిన ఉదంతాన్నీ ప్రస్తావించింది. థైరాయిడ్ ఫలితాలూ ఇలాగే తప్పుగా రావచ్చు.

జుట్టు రాలడానికి అసలు కారణం వేరే ఉండొచ్చు. మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తహీనతకు దారితీసే ఐరన్ లోపమూ జుట్టు రాలడానికి కారణం కావచ్చు. అందుకే ముందు హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలను తెలిపే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోవాలి. ఇప్పటికే బయోటిన్ వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకూ, ల్యాబ్‌కూ తప్పక చెప్పాలి. ఈ హెచ్చరికను సీసాలపై తెలుగులో అచ్చు వేయించాల్సింది ప్రభుత్వమే.