వదులు తాడే న్యాయమైన తాడు

కుక్కల ప్రదర్శనను మీరెప్పుడైనా చూశారా? హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ కూడా ఇవి జరుగుతుంటాయి. బరిలోకి కుక్క వస్తుంది. దాన్ని నడిపించే మనిషి పక్కనే పరుగెత్తుతాడు. న్యాయనిర్ణేత ఒకచోట నిలబడి చూస్తాడు. అందరి కళ్లూ కుక్క మీదనే ఉంటాయి.

ఈసారి మీరు కుక్క మెడ నుండి మనిషి చేతి వరకు పోయే తాడును చూడండి. కొందరి చేతుల్లో అది కిందికి వంగి వదులుగా వేలాడుతుంది. మరికొందరి చేతుల్లో తంబురా తీగలాగా బిగిసి నిటారుగా నిలుస్తుంది. ఆ కుక్క తల పైకెత్తి, ముందుకాళ్లు నేలకు తాకీ తాకనట్లు పరుగెత్తుతుంది. చూసేవారికి ఎంతో ఠీవిగా కనిపిస్తుంది.

ఆ ఠీవి కుక్కదా, తాడుదా? నా అభిప్రాయం ముందే చెబుతాను. బిగించిన తాడు కుక్కను బాధపెడుతుంది. అంతేకాదు, పరీక్షను అబద్ధం చేస్తుంది. కనుక ప్రదర్శనలలో గాని, పోటీలలో గాని దానికి చోటుండకూడదు. కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

మెడలో ఏమున్నాయి?

మన మెడలో ఉన్నవే కుక్క మెడలోనూ ఉన్నాయి. ముందువైపు వాయునాళం ఉంటుంది. మృదులాస్థి ఉంగరాలు దాన్ని తెరిచి ఉంచుతాయి. ఈ ఉంగరాలు పూర్తిగా గుండ్రనివి కావు, వెనుకవైపు తెరచి ఉంటాయి. పొమరేనియన్ వంటి చిన్న జాతులలో కొన్ని కుక్కలకు ఈ ఉంగరాలు బలహీనపడి వాయునాళం నొక్కుకుపోయే జబ్బు వస్తుంది. వాయునాళం వెంట ఆహారవాహిక, మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే ధమనులు, తల నుండి రక్తాన్ని తిరిగి తెచ్చే సిరలు, నరాలు, థైరాయిడ్ గ్రంథి ఉన్నాయి.

సిరల గోడలు పలుచన. కొద్దిగా నొక్కినా రక్తప్రవాహానికి అడ్డు తగులుతుంది. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కుక్కల కంటిలోని పీడనాన్ని కొలిచారు. మెడపట్టీకి కట్టిన తాడును లాగినప్పుడు ఆ పీడనం పెరిగింది. ఛాతీ చుట్టూ వేసే పట్టీకి తాడు కట్టి లాగినప్పుడు అలా పెరగలేదు. అంటే మెడ దగ్గరి బిగువు ప్రభావం కంటి దాకా పోతుందన్నమాట.

ప్రదర్శనలలో వాడే తాడు చాలాసార్లు సన్ననిది. దాన్ని మెడ పైభాగంలో, చెవుల వెనుకగా, దవడ కిందికి వచ్చేటట్లు వేస్తారు. సన్ననిదైతే ఏమవుతుంది? ఒక చిన్న ప్రయోగం చేయండి. పుస్తకాల సంచికి సన్నని పురికొస కట్టి, ఒక్క వేలితో ఎత్తండి. తరువాత అదే సంచిని వెడల్పయిన గుడ్డపట్టీతో ఎత్తండి. బరువు మారలేదు, నొప్పి మాత్రం మారింది. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని మీరు చదువుకున్నారు గదా! 25 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 5 మిల్లీమీటర్ల తాడు వేస్తే, అదే బలానికి పీడనం 5 రెట్లవుతుంది. (ఈ ప్రయోగం చేతివేలితో మాత్రమే చేయాలి. ఎవరి మెడ మీదా, ఏ జంతువు మెడ మీదా చేయకూడదు.)

తక్కెడ మీద వేలు

ఇక రెండో కారణం. కుక్కల ప్రదర్శన ఎందుకు పుట్టింది? 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలో జరిగిన ప్రదర్శనలో పాల్గొన్నవి వేటకుక్కలు. పనికి తగిన శరీరం, చక్కని నడక గల కుక్కలను గుర్తించాలన్నది ఇటువంటి ప్రదర్శనల ఆశయం. నేటికీ న్యాయనిర్ణేత కుక్కను అటూ ఇటూ నడిపించి చూస్తున్నాడంటే అందుకే. భుజాలు సరిగా కదులుతున్నాయా, కాళ్లు తిన్నగా పడుతున్నాయా అన్నది ఆ నడకలోనే తెలియాలి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. నిలబడిన కుక్క బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీద పడుతుంది. 30 కిలోల కుక్క అయితే ముందుకాళ్ల మీద 18 కిలోలు, వెనుకకాళ్ల మీద 12 కిలోలు. మెడ తాడును 6 కిలోల బరువు ఎత్తేంత బలంతో పైకి లాగారనుకోండి. ముందుకాళ్ల భారం దాదాపు 12 కిలోలకు తగ్గిపోతుంది. మూడో వంతు బరువును మనిషి చెయ్యి మోస్తోంది! అప్పుడు కనిపించే నడక కుక్క నడక ఎలా అవుతుంది? భుజంలో లోపమున్నా దాగిపోవచ్చు. మంచి నడక గల కుక్క కూడా తడబడవచ్చు.

కొట్టువాడు తక్కెడ మీద వేలు పెట్టి తూస్తే మనం ఊరుకుంటామా? బిగుతాడు అటువంటి వేలే. కొలిచే పద్ధతి కొలవవలసిన వస్తువును మార్చకూడదన్నది విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠాలలో ఒకటి.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి విధేయతా పోటీలలో తాడు బిగిస్తే మార్కులు తగ్గిస్తారు. కుక్క తనంతట తాను పక్కన నడవాలి గాని, లాగితే నడవకూడదని అక్కడి సూత్రం. 1978లో ఇంగ్లండులోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో తొలిసారి చూపిన అడ్డంకుల పరుగు పోటీలో అయితే పరుగెత్తే కుక్కకు తాడే ఉండదు. ఒక బరిలో తప్పయినది పక్క బరిలో అందమెలా అవుతుంది?

పట్టు లేకపోతే ఎలా?

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. “జనం మధ్య, పదుల కొద్దీ కుక్కల మధ్య పెద్ద కుక్క ఒక్కసారి ఉరికితే ప్రమాదం కాదా? తాడు బిగించి పట్టుకోక తప్పదు” అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. తాడు ఉండవలసిందే. ఆపదలో గట్టిగా పట్టుకోవలసిందే. కాని ఆపదలో పట్టుకోవడం వేరు, నడిపించినంతసేపూ మెడను వేలాడదీయడం వేరు. బండికి బ్రేకు అవసరమని బ్రేకు తొక్కిపెట్టి ప్రయాణం చేయం గదా!

పైగా లాగడం వల్ల కుక్క లొంగదు. స్నేహితుని చేయి పట్టుకుని మెల్లగా లాగి చూడండి. అతడు తనకు తెలియకుండానే వెనక్కు బిగబడతాడు. కుక్క కూడా అంతే. మనం లాగిన కొద్దీ అది ఎదురు లాగుతుంది.

మరి ఎలా నేర్పాలి? దారి ఎప్పుడో తెలిసింది. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ 1951లో జంతువులకు ఎలా నేర్పాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. కావలసిన పని జంతువు చేసిన క్షణంలోనే ‘టిక్’ మనే చిన్న ఆటబొమ్మతో శబ్దం చేసి, వెంటనే తిండి పెట్టమన్నాడు. తాడు విషయంలోనూ ఇదే సూత్రం. తాడు బిగిస్తే మీరు ఆగిపోవాలి. వదులైన క్షణంలో మెచ్చుకుని, చిన్న తినుబండారం పెట్టి ముందుకు నడవాలి. వదులుగా నడిస్తేనే ముందుకు పోతామని కుక్క కొద్దిరోజులలో గ్రహిస్తుంది. తల ఎత్తి నిలబడటం కూడా ఇలాగే నేర్పవచ్చు. దీనికి ఓర్పు కావాలి. ఓర్పు లేనివారికే తాడు బిగించడం సులువు.

చట్టాలు కూడా ఈ దిశగానే నడుస్తున్నాయి. జర్మనీలో 2022 జనవరి 1 నుండి శిక్షణలో ముళ్లపట్టీల వాడకాన్ని నిషేధించారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, జంతువును తగనంత పొట్టి గొలుసుతో గాని, తగనంత బరువైన గొలుసుతో గాని చాలాసేపు కట్టి ఉంచడం నేరం.

ప్రదర్శనలు నడిపేవారు రెండు నియమాలు పెడితే చాలు. ప్రతి కుక్కా కనీసం ఒక చుట్టు వదులు తాడుతో నడవాలి. తాడుతో ముందుకాళ్లు నేల నుండి లేపినవారికి బహుమతి ఇవ్వకూడదు. ఖర్చులేని నియమాలివి.

మరి మీ వంతు? మీ ఇంట్లో కుక్క ఉంటే ఇవాళే దాని మెడపట్టీ చూడండి. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. సన్నని తాడుంటే తీసేసి వెడల్పయిన పట్టీ వేయండి. ప్రదర్శనకు వెళ్తే, ముందు తాడును చూసి ఆ తరువాతే చప్పట్లు కొట్టండి. చూసేవారు దేనిని మెచ్చుకుంటారో, పోటీదారులు దానినే నేర్చుకుంటారు.