నీళ్ళు పారితే హ్యుమిడిఫయర్ పని చేసినట్టేనా?

బళ్ళారి ఎండలో పెరిగిన మన ఇంటివాళ్ళు కొందరు ఇప్పుడు మినియాపోలిస్‌లో, టొరాంటోలో ఇళ్ళు కొనుక్కొని ఉన్నారు. డిసెంబరు వస్తే అందరి ఫోన్లలోనూ ఒకే పాట. పెదాలు పగిలినాయి, తలుపు పిడి ముట్టుకుంటే షాక్ కొడతా ఉంది, పిల్లోడికి రాత్రంతా పొడి దగ్గు. పోయిన చలికాలం తమ్ముడి దగ్గర ఉన్న అమ్మకి వారంలో మూడు సార్లు ముక్కులోంచి నెత్తురు వచ్చింది. "ఈడ గాలి మన ఎండుమిరపకాయ మాదిరి ఉండాదిరా" అనింది. ఆ ఇంట్లో హ్యుమిడిఫయర్ లేకనా? ఉంది. డబ్బులిచ్చి పెట్టించిందే. పైపులో నీళ్ళు కూడా పారుతున్నాయి.

మా వాదన ఇదే. ఆ పెట్టెని ఫర్నేస్‌కి ఎట్లా కలిపినారో ఇంటివాళ్ళకి తెలిసి ఉండాలి. "మెకానిక్ వచ్చి పోయినాడు, ఇంకేం" అని ఊరుకోకూడదు. మేము రోజూ సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసి బతికేవాళ్ళం. ఆన్ చేస్తే ఆన్ అయింది అనేది మా లెక్కలో టెస్టే కాదు. ఆన్ కాకూడని వేళ ఆన్ కాకుండా ఉందా అనేది కూడా చూడాలి.

ముందు గాలి సంగతి. మేము కన్నడ మీడియంలో సాపేక్ష ఆర్ద్రత అని బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాం. దాని అర్థం మినియాపోలిస్‌లో తెలిసింది. బయట మైనస్ 10 డిగ్రీల గాలిలో 80 శాతం చెమ్మ ఉన్నా, ఒక ఘనమీటరుకి రెండు గ్రాముల లోపే నీరు ఉంటుంది. ఆ గాలినే 21 డిగ్రీలకి వేడి చేస్తే 18 గ్రాముల దాకా పట్టగలదు. నీరు అంతే, చోటు పెరిగింది. శాతం పదికి పడుతుంది. ఫర్నేస్ చెమ్మని తాగేయదు, అందరూ దాన్ని తిడతారు గానీ.

బైపాస్ రకం హ్యుమిడిఫయర్ చేసే పని అమ్మకి ఒక్క మాటలో అర్థమైంది: మన వట్టివేళ్ళ తడిక. ప్యాడ్ మీద నీళ్ళు జారతాయి, ఫర్నేస్ వేడిగాలి దాంట్లోంచి దూరి చెమ్మ పట్టుకొని పోతుంది. గాలి ఆడకపోతే తడిక తడిపి ఏం లాభం? మిగిలిన నీళ్ళు డ్రెయిన్‌లోకి పోతాయి, అంతే.

తమ్ముడింట్లో జరిగింది అదే. నీటి వాల్వుకి 24 వోల్టుల కరెంటుని ఫర్నేస్ బోర్డులో ఎప్పుడూ కరెంటు ఉండే 'ఆర్' నుంచి ఇచ్చినారు. నడిమిలో హ్యుమిడిస్టాట్ ఉంది నిజమే. కానీ ఇల్లు ఎండిపోయి ఉంది కాబట్టి అది ఎప్పుడూ "నీళ్ళు కావాలి" అనే అంటుంది. ఫర్నేస్ ఆగినా వాల్వు మూసుకోదు, రాత్రీ పగలూ డ్రెయిన్‌లోకి పారడమే. దానికి తోడు బైపాస్ డక్టులో డాంపర్ 'సమ్మర్' దగ్గరే ఉండిపోయింది, అంటే మూసి. నీళ్ళ బిల్లు పెరిగింది, అమ్మ ముక్కు మానలేదు.

సరైన దారి పెద్ద బ్రహ్మవిద్య కాదు. చాలా బోర్డుల మీద 'హమ్' అని రాసిన టెర్మినల్ ఉంటుంది, ఫర్నేస్ వేడి చేసే వేళకే దాంట్లో కరెంటు వస్తుంది. అక్కడినుంచి హ్యుమిడిస్టాట్, దాన్నుంచి వాల్వు, వాల్వు నుంచి 'సి'. ఒకే వరుస. అయితే ఇక్కడ ఒక గుంత ఉంది: కొన్ని బోర్డుల్లో 'హమ్' 24 వోల్టులు, కొన్నింటిలో 120. పేరు ఒకటే. 120ని నేరుగా ఇస్తే వాల్వు కాయిల్ కాలిపోతుంది. అట్లాంటి చోట 120ని 24కి దించే వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, 'సి' బదులు వాల్వు రెండో తీగ ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి పోవాలి. మాన్యువల్ చూడకుండా, మీటర్ పెట్టకుండా తీగ ముట్టొద్దు. 'హమ్' లేని పాత ఫర్నేస్ అయితే బ్లోయర్ తీగకి తొడిగే కరెంట్ సెన్సింగ్ రిలే దొరుకుతుంది.

మా పెదనాన్న కొడుకు దీనికి ఒప్పుకోడు. "లైసెన్స్ ఉన్నవాడి పని మనకెందుకు, కాల్చుకుంటారు" అంటాడు. సగం న్యాయమే. 120 వోల్టుల వైపు, గ్యాస్ వైపు ఇంటివాళ్ళు చెయ్యి పెట్టకూడదు, మేమూ అదే అంటాం. 24 వోల్టుల వైపు మాత్రం, మెయిన్ స్విచ్ ఆపి, నేర్చుకుంటే వచ్చే పనే. 'ఆర్', 'సి' ఒకదానికొకటి తగిలితే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది, మామూలుగా 3 లేదా 5 ఆంపియర్లది. ఇంట్లో ఇంకొకటి పెట్టుకోండి. చేయకపోయినా సరే, చేసినవాణ్ణి అడగడానికైనా తెలియాలి కదా. తమ్ముడు అడిగినాకే వాళ్ళు మళ్ళీ వచ్చి సరిచేసినారు, దుడ్డు తీసుకోకుండా.

ఆ రోజు వీడియోలో మేము బెంగళూరు నుంచి చూస్తూ ఒక్కొక్కటే చేయించినాం. హీట్ పెంచితే బ్లోయర్ తిరిగి నీళ్ళు రావాలి, వచ్చినాయి. హీట్ తగ్గిస్తే ఆగాలి. హీట్ నడుస్తుండగా హ్యుమిడిస్టాట్ తిప్పి కిందికి దించితే, ఫర్నేస్ ఆడుతున్నా వాల్వు 'టక్' మని మూసుకోవాలి. ఫ్యాన్ ఒక్కటే వేస్తే ఏమవుతుందో బోర్డుని బట్టి ఉంటుంది, అందుకే అదీ చూసి రాసి పెట్టుకున్నాం. మొత్తం ఇరవై నిమిషాల పని.

ఇంకొక మాట పెద్దవాళ్ళకి. చెమ్మ మంచిదని 45 దగ్గర పెట్టి ఉంచొద్దు. బయట మైనస్ 18 ఉన్నప్పుడు 25 శాతం దాటితే కిటికీ అద్దాలకి నీళ్ళు పడతాయి, చెక్క ఉబ్బుతుంది, మూలల్లో బూజు పడుతుంది. చలి ఎక్కువయ్యే కొద్దీ అంకె తగ్గించాలి. ఇది అమ్మకి ఇప్పటికీ తిక్కగా అనిపిస్తుంది. "ఎండిపోయినప్పుడే కదరా నీళ్ళు ఎక్కువ పోయాల" అంటుంది.

ఏప్రిల్‌లో డాంపర్ మూసి నీటి కుళాయి కట్టేయండి. అక్టోబరులో కొత్త ప్యాడ్ వేసి రెండూ తెరవండి. తమ్ముడు ఫర్నేస్ తలుపు లోపల ఈ రెండు నెలలూ తెలుగులో రాసి అంటించినాడు. అమ్మ మళ్ళీ నవంబరులో పోతోంది, తలుపు తీసి తానే చూస్తానంటోంది.