మూత్రం బాగానే వస్తోందిగా!

‘‘మూత్రం బాగానే వస్తోంది డాక్టర్‌ గారూ, మరి కిడ్నీ జబ్బేంటి?’’ క్రియాటినిన్‌ 5 దాటిన రిపోర్టు చేత్తో పట్టుకుని ఓపీలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. పక్కనున్న కొడుకో కూతురో కూడా అదే అనుమానంతో చూస్తుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. మూత్రం ఎలా తయారవుతుందో తీరిగ్గా చెప్పినవాళ్లెవరు?

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి నెఫ్రాన్‌ మొదట్లో సన్నటి రక్తనాళాల చుట్ట ఒకటుంటుంది. అదే జల్లెడ. రక్తకణాలనూ ప్రొటీన్లనూ ఆపేసి నీటిని, ఉప్పును, గ్లూకోజును, యూరియాను కిందికి వదులుతుంది. ఇలా రోజుకు వడపోసేది సుమారు 180 లీటర్లు. అంటే 20 లీటర్ల వాటర్‌ క్యాన్లు తొమ్మిది! అదంతా బయటికి పోతే మనిషి బతకడు. అందుకే నెఫ్రాన్‌ గొట్టాలు అందులో 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి లాగేసుకుంటాయి. మిగిలిన ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రం.

చిక్కంతా ఇక్కడే ఉంది. వడపోత పదో వంతుకు పడిపోయిందనుకోండి. అప్పుడూ రోజుకు 18 లీటర్లు వడపోస్తూనే ఉంటుంది. అందులోంచి రెండు లీటర్లు బయటికి రావడం కష్టమేం కాదు. మూత్రం మామూలుగానే వస్తుంది, వ్యర్థాలు మాత్రం రక్తంలో పేరుకుపోతుంటాయి. పైగా దెబ్బతిన్న కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. దాంతో రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి రావచ్చు. ‘నీళ్లు బాగా తాగుతున్నారు, ధారాళంగా పోతోంది’ అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు.

క్రియాటినిన్‌ నార్మల్‌గా ఉన్నా పూర్తి భరోసా లేదు. వడపోత దాదాపు సగం తగ్గేదాకా అది పెద్దగా పెరగకపోవచ్చు. కండ తక్కువున్న పెద్దవయసువారిలో మరీ మోసం చేస్తుంది. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్‌ అంకె కూడా చూడాలి.

షుగర్, బీపీ ఉన్నవారిలో సాధారణంగా ముందు పాడయ్యేది జల్లెడే. ఆల్బుమిన్‌ అనే ప్రొటీన్‌ మూత్రంలోకి జారుతుంది. ఎక్కువైతే నురగ కనిపించొచ్చు. కొద్దిగా ఉన్నప్పుడు కంటికి ఏమీ తెలియదు. మూత్రంలో ఆల్బుమిన్‌–క్రియాటినిన్‌ నిష్పత్తి, అంటే ఏసీఆర్‌ పరీక్ష చేస్తే బయటపడుతుంది. ఏడాదికోసారి చేయించాలి. నెలనెలా షుగర్‌ టెస్టు చేయించుకునే కుటుంబాల్లోనూ దీని పేరు విననివాళ్లే ఎక్కువ. ఇందులో మా తప్పూ ఉంది. ఓపీ రద్దీలో మేమూ రాయడం మర్చిపోతుంటాం. మీరే గుర్తుచేసి అడగండి, ఏ డాక్టరూ ఏమీ అనుకోరు.

ఏసీఆర్‌ 30 దాటిందని కంగారు పడొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్‌ ఉన్నా పెరుగుతుంది. మూడు నెలల్లోపు మళ్లీ చేయించాలి. అప్పుడూ ఎక్కువే ఉంటే ఆ లీకును తగ్గించే మందులున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

మోకాళ్ల నొప్పులకు మెడికల్‌ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల సంగతీ డాక్టరుకు చెప్పాలి. వాటిలో చాలావరకు కిడ్నీకి వెళ్లే రక్తాన్నే తగ్గిస్తాయి. చాలామంది వాటిని మందుల్లో లెక్కేయరు! ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ, ఆకు మందులు, పొడులతో సహా ఓ కవర్లో వేసుకుని రండి.