అప్పు తెచ్చిన ఒకటి పది ఎలా అయింది?

మూడో తరగతి చదివే మా మేనకోడలు 52లోంచి 27 తీసేస్తూ ఆగిపోయింది. "రెండులోంచి ఏడు పోదు, పక్కనున్న అయిదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోమన్నారు మామయ్యా. తెచ్చింది ఒకటే కదా, మరి రెండు పన్నెండు ఎలా అయింది? ఆ అప్పు మళ్ళీ ఎప్పుడు తీర్చాలి?" బళ్ళో ఇదే అడిగితే వచ్చిన జవాబు: "అదంతే, చెప్పినట్టు చెయ్యి."

గ్రహణం రోజు అన్నం ఎందుకు తినకూడదని అడిగిన పిల్లకి చెప్పేదీ ఈ జవాబే. ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా, పిల్ల తనంతట తాను సరిచూసుకోగలిగిన సబ్జెక్టు లెక్కలు. 25కి 27 కలిపితే 52 వస్తుందా లేదా అన్నది ఏ టీచరూ చెప్పనక్కర్లేదు. అలాంటిదాన్ని కూడా మంత్రంలా అప్పగిస్తున్నాం.

అప్పు అన్న మాటే తప్పు. అక్కడ జరిగేది చిల్లర మార్చడం. చీపురు పుల్లల్ని పదేసి కట్టలు కట్టి అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు పిల్ల ముందు పెట్టండి. ఏడు పుల్లలు ఇమ్మంటే ఏం చేస్తుంది? ఒక కట్ట విప్పుతుంది. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. పైసా ఖర్చు లేదు. పైగా మన భాషే సాయం చేస్తుంది: "యాభై రెండు"లో యాభై, రెండు విడిగా వినిపిస్తాయి. హిందీ పిల్లలకి "బావన్"లో అంత తేలిగ్గా దొరకవు.

ఎక్కాలు బట్టీపట్టొద్దని నేననను. అర్థమయ్యాక కంఠతా వస్తే మంచిదే.

2024 అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో ఇలాంటి రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతమే. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరలమ్మే పిల్లలు బేరాల లెక్కలు నోటితోనే చేసేస్తారు, అవే బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడిలో బాగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. కూరలమ్మే పిల్లకి లెక్కలు రావని రాసిన బడి, ఆమె తెలివిని చూడలేకపోయిందన్నమాట.

మా మేనకోడలికి తర్వాత 102లోంచి 27 తీసెయ్యమని ఇచ్చాను. పదుల స్థానంలో సున్నా, అప్పిచ్చేవాళ్ళెవరూ లేరు. కాసేపు చూసి, వంద పుల్లల పెద్దకట్ట విప్పింది. పది చిన్న కట్టలు బయటపడ్డాయి. అందులోంచి ఒకటి తీసుకుని దాన్నీ విప్పింది.