కసూర్ కంప్యూటర్‌ది కాదు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఖతం అయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలట! అది లేదని నడిచే కంప్యూటర్‌ని బేకార్ అనేసి కబాడీకి వేసేస్తున్నారు. ఇదెక్కడి ఇన్సాఫ్?

2 జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బాలో యాంటిఎక్స్ గానీ పప్పీ గానీ హాయిగా నడుస్తాయి. రెండూ ముఫ్త్. పప్పీ అయితే మొత్తం ర్యామ్‌లోకే ఎక్కి కూర్చుంటుంది; హార్డ్ డిస్క్ పోయినా పెన్ డ్రైవ్‌తో పని జరిగిపోతుంది. గరీబు ఇంట్లో పిల్లలు తెలుగు, ఉర్దూ టైపింగ్ నేర్చుకోడానికి ఇంతకన్నా ఏం కావాలి?

హకీకత్ కూడా చెప్పాలి. బ్రౌజర్ మాత్రం తేలిక కాదు. నాలుగు ట్యాబులు తెరిస్తే లినక్స్ అయినా ఆయాసపడుతుంది. కొత్తదానికి కిస్తీలు కట్టే ముందు పాతదానికి ఇంకాస్త ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించి చూడండి. ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోండి, బస్.